జాయింట్ నోట్‌కి ముందు

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

ఒకే రకం ప్యాసింజర్ ఇంజన్లు పదేపదే ఎందుకు పట్టాలు తప్పుతున్నాయో చూసే పనిలో నిన్ను వేశారని నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషంరా. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. జాయింట్ నోట్ మీద, అంటే ప్రమాదస్థలంలో అన్ని శాఖల వాళ్లూ కలిసి కారణం రాసే కాగితం మీద, సంతకానికి తొందరపడకు. ట్రాక్ చూసే పీవే వాళ్లు ఇంజన్‌దే తప్పంటారు, ఇంజన్లు చూసే లోకో వాళ్లు ట్రాక్‌దంటారు. తెల్లారేలోగా లైన్ క్లియర్ చేయాలని పైనుంచి ఒత్తిడి. ఆ హడావిడిలో నేనూ ఒకసారి సరిగ్గా చూడకుండానే సంతకం పెట్టాను. ఇప్పటికీ బాధే.

క్రేన్ రాకముందే చక్రం ఎక్కిన చోటు వెతుకు. పట్టా తల మీద ఫ్లాంజ్ (చక్రం అంచు) గీత సన్నగా, పొడుగ్గా సాగితే చక్రం మెల్లగా పాకి ఎక్కిందన్నమాట. గీత పొట్టిగా ఉన్నా, అసలు లేకపోయినా ఎగిరి పడి ఉండొచ్చు. సుద్దముక్కతో గుర్తుపెట్టి, అక్కణ్నుంచి వెనక్కి కొలుచుకుంటూ పో. ముందువైపు ట్రాక్ ఎలాగూ నలిగిపోయి ఉంటుంది.

1927 ఆగస్టు 24న ఇంగ్లండ్‌లో సెవెనోక్స్ దగ్గర రివర్ క్లాస్ ట్యాంక్ ఇంజన్ (నీళ్ల ట్యాంకులు ఇంజన్ మీదే ఉండే రకం) పట్టాలు తప్పి 13 మంది పోయారు. తర్వాత అదే రకం ఇంజన్లను వేరే కంపెనీ మెయిన్ లైన్ మీద గంటకు 80 మైళ్లు దాటించి చూస్తే నిలకడగా పరిగెత్తాయి. సొంత సదరన్ రైల్వే లైన్ మీద విపరీతంగా ఊగాయి. అక్కడ కంకర బదులు సముద్రపు గులకరాళ్లు పోశారు. గుండ్రటి రాయి రాయిని పట్టుకోదు కదా, పైగా వాన. అలాగని ఇంజన్‌నీ వదల్లేదు. ట్యాంకులు పీకేసి, వెనక నీళ్లూ బొగ్గూ మోసే టెండర్ తగిలించి తిప్పారు. నీ ఇంజన్ కూడా ఎక్కడ పడలేదో ఆ సెక్షన్‌కి వెళ్లి చూడు.

మన దగ్గర 1937 జులైలో బీహార్‌లో బిహ్తా దగ్గర పడింది ఎక్స్‌బీ ఇంజన్, పసిఫిక్ అనే రకం ఆవిరి ఇంజన్. దాని మీద పసిఫిక్ లోకోమోటివ్ కమిటీ వేస్తే బ్రిటన్, ఫ్రాన్స్ ఇంజనీర్లు వచ్చి చూశారు. బోగీకి (పెట్టె కాదు, ఇంజన్ ముందుండే చిన్న చక్రాల చట్రం) పక్కలకు ఊగకుండా ఆపే పట్టు చాలక, తిన్నటి లైన్లో కూడా ఇంజన్ అటూ ఇటూ కొట్టుకుంటూ ట్రాక్‌ని వంచేసేది. కాబట్టి ట్రాక్ వంకరగా కనబడగానే పీవే వాళ్ల మీదికి తోసెయ్యకు. ఆ వంకర ఎవరు పెట్టారో తేలాలి.

అది రోజూ ట్రాక్ సరిచేసే గ్యాంగ్‌మన్‌లకి తెలుసు. ఏ బండి పోయాక లైన్ సరిచేయాల్సి వస్తోందో వాళ్ల పక్కన కూర్చుని అడుగు. డ్రైవర్లనీ అడుగు, పై అధికారి లేనప్పుడు.

మీ పెదనాన్న