చివరి భోజనానికి ఏం కోరుకుంటారు?

రేపటికి బతికి ఉండమని తెలిస్తే ఈ రాత్రి ఏం తింటారు? నేనైతే కట్టెల పొయ్యి మీద కాల్చిన జొన్న రొట్టె, పుంటికూర పప్పు, కాస్త పచ్చి పులుసు. మాది నాగర్‌కర్నూల్ వైపు పల్లె, బిర్యానీ పండక్కి తినేదే తప్ప ఆకలికి గుర్తొచ్చేది కాదు.

ఈ ప్రశ్న ఉట్టి సరదాకి పుట్టింది కాదు. అమెరికాలోని టెక్సాస్‌లో మరణశిక్ష పడ్డ ఖైదీకి కోరిన భోజనం పెట్టేవాళ్లు. 2011లో ఒకడు బోలెడన్ని వంటకాలు తెప్పించుకుని ఒక్కటీ ముట్టలేదు. దాంతో ఆ పద్ధతే తీసేశారు. అతన్ని తప్పుపట్టలేం అనిపిస్తుంది, ఆ టెన్షన్‌లో ముద్ద ఎలా దిగుతుంది?

జబ్బుతో పోయేవాళ్లకైతే చివరి రోజుల్లో ఆకలే చచ్చిపోతుంది. నోరు ఎండుతుంది, మింగడం కష్టమవుతుంది. మటన్ లేనిదే ముద్ద ముట్టని మా తాత ఆఖరికి అడిగింది రెండు చెంచాల సల్ల, అదే మజ్జిగ.

మన దగ్గర అసలు మెనూ పోయాకే తయారవుతుంది. మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డిస్తారు. కూర, గారెలు, అలవాటుంటే కల్లు, బీడీ కట్ట కూడా. కాకి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడాలి. తాతకు అన్నీ పెట్టాం, గంటైనా కాకి రాలేదు. మా అత్త ఇంటికెళ్లి గిన్నెలో సల్ల తెచ్చి పెట్టింది. అప్పుడు వచ్చింది.