జిత్తులమారి ఎక్కడ దొరుకుతాడు?

తనకంటే తెలివైన మోసగాణ్ణి మామూలు మనిషి పట్టుకోగలడా, కుయుక్తికి హద్దంటూ ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. లెక్కల తనిఖీలో పనిచేసేవాళ్లకు అది తరచూ కనిపిస్తుంది. ఎత్తు వేసే తెలివి చాలామందికి ఉంటుంది. వేసిన ఎత్తును రోజూ కాపాడుకుంటూ రావడానికి కావలసిన జ్ఞాపకం, ఓపిక, తీరిక మాత్రం ఎవరికీ సరిపోవు.

వసూళ్లు చూసే గుమస్తా వేసే పాత ఎత్తు ఒకటుంది. మొదటి ఖాతాదారు కట్టిన 10,000 జేబులో వేసుకుంటాడు. నాలుగు రోజులకు రెండో ఖాతాదారు కట్టినదాన్ని మొదటివాడి పేరున జమ రాస్తాడు. మూడోవాడిది రెండోవాడికి. లోటు పూడదు, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి జరుగుతుంటుంది అంతే. మొత్తాలు సమానంగా ఉండవు కనుక ఒక్కో చెల్లింపునూ రెండు మూడు ముక్కలు చేసి సర్దాలి. కొన్ని నెలలు గడిచేసరికి ఏ ముక్క ఎవరిదో గుర్తుండక తనకే ఒక దొంగ చిట్టా కావలసి వస్తుంది. అందుకే అతను సెలవు పెట్టడు. జ్వరమొచ్చినా పనికి వస్తాడు. పైవాళ్లేమో అదంతా శ్రద్ధ అనుకుంటారు.

దీనికి విరుగుడు, ఏటా వరసగా రెండు వారాల తప్పనిసరి సెలవు. ఆ రోజుల్లో అతని పని ఇంకొకరు చేసి తీరాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే: కాగితాలు అతను వచ్చేదాకా పేర్చి ఉంచుతారు, లేదా ఇంటి నుంచి లాగిన్ అయ్యే వీలు ఉంచేస్తారు. అలాంటి సెలవు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. రోజువారీ కూడికలు చూసి లాభం లేదు, అవి చక్కగా సరిపోతాయి. బ్యాంకు స్లిప్పు మీదున్న పేరు, తేదీ, మొత్తం ఖాతాలో ఎవరి పేరున, ఏ తేదీన పడ్డాయో పక్కపక్కన పెట్టి చూడాలి. బాకీ వివరాలు ఖాతాదారులకు ఆ గుమస్తా చేతిమీదుగా కాకుండా నేరుగా పంపాలి.

ఇంకో సంగతి. దొంగ లెక్కలు కల్పించేవాడు నిజం ఎలా ఉంటుందని తను ఊహించుకుంటాడో అలాగే కల్పిస్తాడు. చిన్నవీ పెద్దవీ కలిసిన వందలాది సహజమైన మొత్తాల్లో 1తో మొదలయ్యేవి సుమారు 30 శాతం, 9తో మొదలయ్యేవి 5 శాతం లోపు ఉంటాయి. మనసులోంచి రాసేవాడికి ఆ పోలిక తట్టదు. ధరలు స్థిరంగా ఉన్నచోట, పద్దులు తక్కువైనచోట ఈ పరీక్ష వాడకండి, తప్పుదారి పట్టిస్తుంది. 50,000 దాటితే పైవాడి సంతకం కావాలన్న నియమం ఉంటే మాత్రం 49,500 చుట్టూ గుంపుగా చేరిన బిల్లులను ముందు చూడండి.

ముఖం చూసి పట్టేస్తామన్న నమ్మకం వదిలేయండి. 2006లో మనస్తత్వ పరిశోధకులు చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో ఎన్నో ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే, అబద్ధాన్నీ నిజాన్నీ వేరుచేయడంలో మనుషుల సగటు 54 శాతమే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆ అతుకు ఊడేది అతను ముందుగా ఊహించుకోని చోట. కాబట్టి మీ చేతిలో ఉన్న కాగితం చూపించకుండా మొదట అంతా చెప్పనివ్వండి. తర్వాత జరిగినదాన్ని చివరి నుంచి మొదటికి చెప్పమనండి. ఎవరెక్కడ కూర్చున్నారో బొమ్మ గీయమనండి. ఇద్దరుంటే విడివిడిగా గీయించండి. ఒక్క జాగ్రత్త: నిజం చెప్పేవాడూ మరిచిపోతాడు, మధ్యలో ఆగి తనను తాను సరిదిద్దుకుంటాడు. దాన్నే తప్పుగా పట్టుకుని నిర్దోషిని వేధించడం ఈ పనిలో అన్నిటికంటే ఘోరమైన పొరపాటు. కాగితం బలపరిచేదాకా ఎవరినీ దొంగ అనకండి.

పరిచయం ఎంత సాగితే కుయుక్తి అంత బలహీనమవుతుంది. రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980లో ఫలితాలు ప్రచురించిన కంప్యూటర్ పోటీలో ప్రోగ్రాంలు ఇద్దరిద్దరుగా తలపడి, ప్రతి ఎత్తులోనూ సహకరించాలా దెబ్బతీయాలా అని ఎంచుకోవాలి. ఒక్కో ఆట 200 ఎత్తులు. ఎదుటివాడు సహకరించినా పదింట ఒకసారి దొంగదెబ్బ తీసే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. ఆ దెబ్బలకు బదులు, బదులుకు మళ్లీ బదులు పెరిగి అది వెనకబడింది. గెలిచింది మాత్రం సహకారంతో మొదలుపెట్టి, తర్వాత ఎదుటివాడి గత ఎత్తునే తిరిగి వేసే అతి చిన్న ప్రోగ్రాం.

మళ్లీ ఎదురుపడని మనిషి దగ్గర ఈ రక్షణ ఉండదు. ఇద్దరు కుమ్మక్కైనప్పుడూ అంతే, ఒకడి సెలవులో రెండోవాడు కప్పిపుచ్చుతాడు. వసూలు చేసేవాణ్ణీ ఖాతా రాసేవాణ్ణీ ఏళ్ల తరబడి ఒకే జంటగా ఉంచకండి. మార్చేటప్పుడు ఇద్దరినీ ఒకేసారి మార్చకుండా, ముందు ఒకణ్ణి, ఆరు నెలల తర్వాత రెండోవాణ్ణి మార్చండి. కొత్తగా వచ్చినవాడు పాతవాడి పద్దులను పక్కనే కూర్చుని చూసే వ్యవధి అదే.