గాలం కబుర్లు: కొత్త నదిలో రెండు రోజుల ప్రాక్టీసు

ప్రశ్న: మినియాపోలిస్‌లో ఉంటాను. ఇన్నాళ్లూ మినెటోంకా సరస్సులోనే బాస్ చేపలు పట్టాను. ఈ ఏడాది మా క్లబ్బు పోటీని జూలైలో మిసిసిపీ నది మీద, విస్కాన్సిన్‌లోని లా క్రాస్ దగ్గర పెట్టారు. శని, ఆదివారాలు పోటీ. ప్రాక్టీసు కోసం గురు, శుక్రవారాలు సెలవు పెట్టాను. ఆ నదిలో నేనెప్పుడూ పడవ దింపలేదు. అక్కడ డ్యాముకూ డ్యాముకూ మధ్య ఉన్న నీటిని పూల్ అంటారట, పూల్ 7, 8, 9 మూడింట్లోనూ పట్టుకోవచ్చట. మ్యాపు తెరిస్తే ఎన్ని పాయలో, ఎన్ని లంకలో! రెండు రోజుల్లో ఇదంతా ఎలా చూడాలి? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇదంతా చూడకండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. కాళ్లకు బలపం కట్టుకుని మూడు పూల్స్ తిరిగినవాళ్లకు పెట్రోలు ఖర్చే తప్ప, శనివారం పొద్దున ఎటు వెళ్లాలో తేలదు. ఒక్క పూల్ ఎంచుకుని మిగతా రెండూ లేవనుకోండి.

నన్నడిగితే పూల్ 8. ఏడో డ్యాముకూ ఎనిమిదో డ్యాముకూ మధ్య సుమారు 23 మైళ్ల నీరు అది. లా క్రాస్ ఊరు దాని ఒడ్డునే ఉంది. మీ పోటీ రేవు కూడా ఆ పూల్‌లోనే ఉంటే లాక్, అంటే డ్యాము దగ్గర పడవలను ఎక్కించి దించే నీటి గది, దాటే పనే ఉండదు. లాక్ అంటే నాకెందుకంత బెరుకంటే, అక్కడ గది పొడవు 600 అడుగులు, వెడల్పు 110. పదిహేను బార్జీల వరుస వచ్చిందంటే అందులో ఒకేసారి పట్టదు. రెండు ముక్కలు చేసి దాటించాలి. గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. సరుకు పడవలు ముందు, మనలాంటి సరదా పడవలు తర్వాత. పట్టిన చేపల తూకానికి ఆలస్యమైతే ఆ కారణాలేవీ ఎవరూ వినరు, బరువులో కోత పెడతారు.

తెలియని నీళ్లంటే భయపడేవాళ్లకు నేను 1971 సంగతి చెబుతుంటాను. బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పెద్ద బాస్ పోటీ మొదటిసారి జరిగినప్పుడు వచ్చిన 24 మందికి పోటీ ఎక్కడో విమానం ఎక్కేదాకా చెప్పలేదు. గాల్లో ఉండగా చెప్పారు, నెవాడా వైపున్న లేక్ మీడ్ జలాశయం అని. బాబీ మర్రే గెలిచారు. మీ చేతిలో మ్యాపు ఉంది, రెండు రోజులున్నాయి, ఇంట్లో కూర్చుని చూసుకునేందుకు నీటిమట్టం లెక్కలూ ఉన్నాయి.

ఆ లెక్కలు బయల్దేరే ముందు వారం నుంచే చూడటం మొదలుపెట్టండి. లా క్రాస్‌లో నీటిమట్టం కొలిచే గేజి రోజూ ఇంటర్నెట్‌లో కనబడుతుంది. అక్కడ వరద మట్టం 12 అడుగులు. అంతకంటే ఎంత తక్కువుందన్నది పడవ నడపడానికి పనికొస్తుంది గానీ, చేపకు సంబంధించి అసలు చూడాల్సింది మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా అని. పెరుగుతుంటే లార్జ్‌మౌత్ రకం బాస్ కొత్తగా మునిగిన గడ్డిలోకి, చెట్ల మొదళ్లలోకి ఎక్కుతుంది. తగ్గుతుంటే వెనక్కి జారి పాయల మూతుల దగ్గర, నాచు బయటి అంచున నిలుస్తుంది. సరస్సులో మీకీ బాధ లేదు. అక్కడ నీరు నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. గురువారం దొరికిన చేప శనివారం కదిలిపోతే అదృష్టాన్ని తిట్టుకోకుండా ముందు గేజి చూడండి.

గురువారం పొద్దున పూల్ పైభాగానికి వెళ్లండి. అక్కడ వడి ఎక్కువ, పాయలు ఇరుకు. మొదటి గంట రాడ్ ముట్టుకోవద్దు. కూలిన చెట్టు ఒకటి చూసుకుని దాని పక్కన పడవ ఆపండి. వేళ్లకు ఎగువన నీరు గుద్దుకుని ఉబుకుతుంది, దిగువన నున్నగా ఉంటుంది. రెంటికీ మధ్య గీత గీసినట్టు కనబడుతుంది. నురుగు, ఎండుటాకులు ఆ గీత వెంటే పోతుంటాయి. చేప ఆ గీతకు ఇవతల, నున్నటి నీళ్లలో, ముక్కు ఎగువకు పెట్టుకుని ఉంటుంది. వడి మోసుకొచ్చే తిండిని గుటుక్కున మింగి మళ్లీ తన చోటికి పోతుంది. కాబట్టి ఎరను ఎగువకు విసిరి, వడితోపాటు కిందికి రానివ్వండి. అడ్డంగా లాగితే ఆ నీటిలో ఏ చిన్న చేపా అలా ఈదదు. బాస్‌కి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

స్మాల్‌మౌత్ రకం బాస్ కావాలంటే వింగ్ డ్యాములు చూడండి. ఓడల దారి లోతుగా ఉండాలని పంతొమ్మిదో శతాబ్దంలో ఒడ్డు నుంచి నదిలోకి పేర్చిన రాళ్ల వరుసలవి. ఇప్పుడు నీళ్ల కింద ఉంటాయి. ఓడల దారి చూసుకునే ఆర్మీ ఇంజనీర్ల కోర్ వాళ్ల నావిగేషన్ చార్టుల్లో గుర్తులుంటాయి. పైన నీరు ఉబికే చోటు అసలు రాళ్లకు కాస్త దిగువన ఉంటుంది, ఆ ఉబుకు చూసి రాళ్లు అక్కడే ఉన్నాయనుకుంటే ప్రొపెల్లర్ పోతుంది. దిగువ నుంచి ట్రోలింగ్ మోటారు (చిన్న కరెంటు మోటారు) మీద నెమ్మదిగా దగ్గరకెళ్లి, రాళ్ల ఎగువ ముఖాన క్రాంక్‌బైట్ (లాగితే నీళ్లలోకి మునిగే చేప బొమ్మ ఎర) తగిలేలా వేయండి. ఆకలి మీదున్న చేప అక్కడే ఉంటుంది. మీరు నీళ్లలో పడితే ఇంజను ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవడం మరవద్దు. చిన్న పడవల్లో వేగంగా వెళ్లేటప్పుడు అది 2021 ఏప్రిల్ నుంచి అక్కడ చట్టం కూడా.

మధ్యాహ్నం దిగువకు రండి. స్టాడర్డ్ వైపు నది విశాలమై, లంకలూ తామరాకులూ నాచూ నిండి మీ మినెటోంకా అలవాటుకు దగ్గరగా ఉంటుంది. ఒక్క తేడా. జూలై ఎండలకు బొత్తిగా కదలని మడుగుల్లో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చూడ్డానికి ఎంత బాగున్నా అలాంటి చోట పొద్దు పుచ్చకండి. నాచు కొసలు ఒకవైపుకు కాస్త వాలి ఉన్నాయంటే అక్కడ నీరు నడుస్తోందని లెక్క. రబ్బరు కప్ప ఎరను అక్కడ వేయండి.

జూలై అన్నారు కాబట్టి మేఫ్లైల సంగతీ చెప్పాలి. తొలకరికి మనకు ఉసిళ్లు లేచినట్టు లా క్రాస్‌లో ఇవి నది లోంచి లేస్తాయి. 2014 జూలై 20 రాత్రి వాతావరణ శాఖ రాడార్‌లో వాన మబ్బులా కనిపించాయి. తెల్లారాక నీటి మీదికి వంగిన కొమ్మల నిండా ఇవే. రాలే పురుగుల కోసం బ్లూగిల్ చేపలు చేరతాయి, బ్లూగిల్ కోసం బాస్ చేరుతుంది. అలాంటి కొమ్మ కనబడితే మీ ప్లాను పక్కన పెట్టి అక్కడ ఆగండి.

శుక్రవారం కొత్త రకం నీళ్లు వెతకొద్దు. గురువారం ఏ రకం చోట చేప తగిలిందో, మ్యాపులో అలాంటివే ఇంకో నాలుగైదు చూసుకుని, ఒక్కోచోట పది నిమిషాలు వేసి నిజమో కాదో తేల్చుకోండి. మధ్యాహ్నం రెండింటికల్లా ఒడ్డుకు రండి. లైన్లు మార్చుకుని, రూల్స్ కాగితం ఇంకోసారి చదువుకుని, పడుకోండి.

ప్రశ్న: ప్రాక్టీసులో చేపను గుచ్చకూడదంటాడు నా పార్ట్‌నర్. గుచ్చకపోతే ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ పార్ట్‌నర్ మాటే ఎక్కువ రైటు. ఇవాళ గుచ్చి వదిలిన చేప ఎల్లుండి మీ ఎర వైపు చూడకపోవచ్చు. కొక్కెం మొన వంచేయండి, లేదా రబ్బరు గొట్టం ముక్క తొడగండి. చేప లాగినప్పుడు రాడ్ వంగిన తీరు చూసి, లైను వదులు చేయండి. అదే ఉమ్మేస్తుంది. మరీ అనుమానంగా ఉంటే ఒక్కో చోట ఒక్కదాన్ని పైకి తీసి, చూసి, వెంటనే వదిలేయండి. రెండోది కూడా లాగిందా, ఇంజను స్టార్ట్ చేసి అక్కణ్ణించి వెళ్లిపోండి.