అట్టపెట్టె మీద .32 అని ఉంటే చాలదు

ఆత్మరక్షణ కోసం లైసెన్సు రివాల్వర్ ఉంచుకున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు తూటాల గురించి అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పలాసలో జీడిపప్పు వ్యాపారం. లైసెన్సు వచ్చాక కాన్పూరు తయారీ .32 రివాల్వర్ కొన్నాను. తూటాలకు వెళితే షాపులో రెండు రకాల పెట్టెలు చూపించారు. రెండింటి మీదా .32 అనే ఉంది. ఒక రకం పొడుగు, ఒకటి పొట్టి. పొట్టివి కూడా సిలిండర్‌లో దిగుతాయట. ఏవి కొనాలి?

జవాబు: పొడుగువే కొనండి. పొట్టివి దిగుతాయన్న మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది.

మీ రివాల్వర్‌కు కావలసిన తూటా పూర్తి పేరు .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. 1896 నుంచీ ఉన్న తూటా ఇది. ఇత్తడి గొట్టం పొడవు 23 మిల్లీమీటర్ల పైచిలుకు. అడుగున అంచు చుట్టూ బాగా బయటికి వచ్చి ఉంటుంది. సిలిండర్ వెనక భాగానికి ఆనుకుని తూటాను కదలకుండా పట్టేది ఆ అంచే. ఖాళీ గొట్టాలను బయటికి లాగే నక్షత్రం ఆకారపు ముక్క పట్టుకునేదీ దాన్నే.

పొట్టిది .32 ఏసీపీ. కొన్ని పెట్టెల మీద 7.65 బ్రౌనింగ్ అని ఉంటుంది. అది పిస్టల్ మ్యాగజైన్ కోసం చేసిన తూటా. గొట్టం 17 మిల్లీమీటర్లే, అంచు కూడా పేరుకే. అంచు సరిగా ఆనకపోతే పిన్ను దెబ్బకు తూటా ముందుకు జరుగుతుంది, దెబ్బ చాలక పేలదు. పేలినా ఖాళీ గొట్టం నక్షత్రం కిందికి జారి ఇరుక్కోవచ్చు. ఇంతకన్నా ముఖ్యం ఒత్తిడి. అమెరికా ప్రమాణాల ప్రకారం .32 లాంగ్‌కు గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 15,000 పౌన్లు, .32 ఏసీపీకి 20,500. తక్కువ ఒత్తిడికి చేసిన సిలిండర్‌లో ఎక్కువది పేల్చడం దేనికి?

లైసెన్సులో ‘.32 బోర్ రివాల్వర్’ అని మాత్రమే రాసి ఉంటుంది కాబట్టి ఈ తేడా కాగితం మీద కనబడదు. పెట్టె మీది పూర్తి పేరు చదవండి. తర్వాత ఒక తూటా తీసి అడుగున ప్రైమర్ (పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) చుట్టూ కొట్టిన అచ్చు కూడా చదవండి. బిల్లు ఆ తర్వాతే.

ప్రశ్న: ఆత్మరక్షణకు హాలో పాయింట్ తప్ప మరోటి పనికిరాదని వీడియోల్లో చెబుతున్నారు. మా డీలరు దగ్గర మామూలు గుండు తూటాలే ఉన్నాయి. — విజయనగరం

జవాబు: ఆ వీడియోల్లోవాళ్ల చేతిలో ఉండేది 9 ఎం.ఎం., లేదా .357 మ్యాగ్నమ్. మన దగ్గర 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు మీద రాదు. వాళ్ల లెక్క మీ .32కు అతకదు.

మామూలు .32 లాంగ్‌లో 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాములకు కాస్త పైన బరువున్న గుండు సెకనుకు 215 మీటర్ల వేగంతో పోతుంది. దాని శక్తి సుమారు 150 జౌళ్లు. 9 ఎం.ఎం.లో ఇది మూడింతలు. హాలో పాయింట్ అంటే తగలగానే విచ్చుకునేలా ముక్కులో గుంట పెట్టిన గుండు. ఆ ముక్కు విచ్చుకోవాలంటే వేగం కావాలి. ఈ వేగానికి ముక్కులోని గుంటలో బట్ట పీలికలు కూరుకుపోతాయి, అది మామూలు గుండులాగే పోతుంది. ఒకవేళ విచ్చుకున్నా ఉన్న కాస్త శక్తీ అక్కడే అయిపోయి లోతుకు దిగదు. అమెరికా ఎఫ్‌బీఐ పరీక్షల్లో కండకు బదులు వాడే జెలటిన్ దిమ్మలోకి కనీసం 12 అంగుళాలు దిగాలని నియమం. .32 లాంటి నెమ్మది తూటాకు విచ్చుకోవడం కన్నా దిగడమే ముఖ్యం. కాబట్టి మీ డీలరు దగ్గరున్న ఘన గుండుతో మీకు వచ్చిన లోటేమీ లేదు.

ముక్కు బల్లపరుపుగా ఉండే వాడ్‌కటర్ రకం దొరికితే దాని గుణం దానికుంది. గుండ్రటి ముక్కు పక్కకు తోసుకుంటూ పోతే, ఇది అంచుతో కోసుకుంటూ పోతుంది. అయితే గుండు మొత్తం గొట్టంలోకి దిగి ఉంటుంది కనుక, కంగారులో నింపేటప్పుడు చాంబర్ (సిలిండర్‌లో తూటా దిగే రంధ్రం) నోటి దగ్గర అడ్డం పడుతుంది. పోటీ షూటర్లకు ఆ తొందర ఉండదు.

రకం తేలాక పెట్టె మీద లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు, చూడండి. ఒకే లాట్‌లో 50 తూటాలు తీసుకున్నారనుకోండి, 18 పక్కన పెట్టి మిగతావి అనుమతి ఉన్న రేంజిలో కాల్చండి. ఏడు మీటర్ల దూరాన అరచేయంత కాగితం మీద ఆరుకు ఆరూ పడాలి. అన్నీ కాస్త పైన పడుతుంటే మీ చేతిని అనుమానించే ముందు గుండు బరువు చూడండి. బరువైన గుండు బారెల్‌లో ఎక్కువ సేపు ఉంటుంది, ఆ లోగా మూతి పైకి లేస్తుంది, అందుకే పైన పడుతుంది. గురిచూసే సైట్లు జరపడానికి వీల్లేని రివాల్వర్‌కు గుండు బరువు మార్చుకోవడమే మందు.

ఒకసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో మీ లైసెన్సులోనే ఉంటుంది. ఆ కోటాలో సాధనకు చాలకపోతే డమ్మీ తూటాలతో ట్రిగ్గర్ సాధన చేయండి. అసలు తూటాలు అప్పుడు ఆ గదిలోనే ఉండకూడదు.

ప్రశ్న: రేంజిలో ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మంది, పేలలేదు. ఏం చేయాలి? — రాజాం

జవాబు: మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. మళ్లీ నొక్కకండి. నొక్కితే సిలిండర్ తిరిగి ఆ తూటా బారెల్ ఎదురు నుంచి పక్కకు పోతుంది. ఆలస్యంగా పేలే తూటా అయితే గుండు పోవడానికి దారి ఉండదు. ఆగాక తెరిచి ప్రైమర్ మీద గుంట చూడండి. లోతుగా పడితే తూటా చెడ్డది. పైపైన పడితే స్ప్రింగు బలహీనపడిందని అర్థం, తుపాకులు బాగుచేసే లైసెన్సున్న ఆర్మరర్‌కు చూపించాలి. నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం మళ్లీ నొక్కడమే, రివాల్వర్‌కున్న సుఖం అదే.

ఇక చప్పుడు మామూలు కన్నా మెల్లగా వస్తే అక్కడితో ఆపేయండి. గుండు బారెల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకో గుండు వెళ్తే బారెల్ పగులుతుంది. అన్నీ ఖాళీ చేసి, బారెల్ ఇటు నుంచి అటు కనబడుతోందో లేదో చూశాకే ముందుకు వెళ్లండి.

ప్రశ్న: మా ఇల్లు కళింగపట్నంలో సముద్రానికి దగ్గర. తోలు బెల్టులో ఉంచిన తూటాలకు పచ్చగా పట్టింది. తుడిచి వాడుకోవచ్చా? — ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: అది చిలుము. తోలును పదును చేసే రసాయనాలు ఇత్తడిని తింటాయి, పైగా మీది ఉప్పుగాలి. తోలు బెల్టు తూటాలు తీసుకెళ్లడానికే, దాచడానికి కాదు.

పొడిబట్టతో తుడిస్తే పోయి, కింద ఇత్తడి నున్నగా ఉంటే ఆ తూటాలు సాధనకు వాడేయండి. గుంటలు పడినా, ప్రైమర్ చుట్టూ చిలుము చేరినా పక్కన పెట్టి డీలరును సంప్రదించండి. చింతపండుతో, ఇత్తడి పాలిష్‌తో తోమకండి. అమోనియా ఉన్న పాలిష్ ఇత్తడిని పెళుసుబారుస్తుంది. తుప్పు విడిపించే స్ప్రేలు, నూనెలు తూటాల దరిదాపులకు రానీయకండి. ప్రైమర్ అంచు నుంచి నూనె లోపలికి దిగితే తూటా పైకి కొత్తగా కనబడుతూనే పేలకుండా పోతుంది. ఈ కారణానికే, సిలిండర్‌కు నూనె పెట్టాక చాంబర్లను పొడిగా తుడిచి తూటాలు నింపాలి.

గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాం వేసి, ఫ్యాక్టరీ పెట్టెతో సహా పెట్టి, తాళం వేయండి. రివాల్వర్‌లో ఉంచే ఆరింటినీ ఏడాదికోసారి సాధనలో కాల్చేసి కొత్తవి నింపండి. నింపే ముందు ఒక్కో తూటానూ చాంబర్‌లో వేసి చూడాలి. తనంతట తానే దిగాలి, బొటనవేలితో నొక్కే పని పడకూడదు. అడుగున గోరుతో రాయండి. ప్రైమర్ అడుగు మట్టానికి కాస్త లోపలికే ఉండాలి. పైకి పొడుచుకొచ్చి తగిలితే ఆ ఒక్క తూటా సిలిండర్ మొత్తాన్ని తిరగనీయదు.

మధ్యకు విరిచి తెరిచే రివాల్వర్ అయితే ఖాళీ చేసేటప్పుడు మూతి పైకెత్తి ఒక్క ఊపున తెరవండి. మూతి దించి మెల్లగా తెరిస్తే ఒక గొట్టం నక్షత్రం కిందికి జారుతుంది, మళ్లీ మూసుకోదు.

ప్రశ్న: మందస దగ్గర మా జీడితోటలోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. రివాల్వర్‌కు గట్టి తూటా ఏదైనా ఉందా?

జవాబు: లేదు. 150 జౌళ్ల గుండు ఎలుగును ఆపదు, గాయపరిచి రెచ్చగొడుతుంది. పైగా అది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. సెక్షన్ 11(2) ప్రాణరక్షణకు మినహాయింపు ఇస్తుంది కానీ, తుపాకీ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లినవాడికి కాదు. తెల్లవారకముందు తోటలోకి వెళ్లకండి, నలుగురు కలిసి చప్పుడు చేస్తూ వెళ్లండి, జాడ కనబడితే అటవీశాఖకు చెప్పండి.

ప్రశ్న: బొబ్బిలిలో మావి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. గుండు పక్కింట్లోకి పోతుందా? దొంగ మీద కాల్చే హక్కు ఉందా?

జవాబు: తొమ్మిది అంగుళాల ఇటుక గోడను .32 దాటదు. ప్లైవుడ్ తలుపు, కిటికీ అద్దం, వంటగది రేకు దాటుతుంది. ఏ గదిలో ఏ వైపు తిరిగి నిలబడితే వెనక ఇటుక గోడ ఉంటుందో పగలే చూసి పెట్టుకోండి.

హక్కు సంగతి భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదని 37 చెబుతుంది. చావుకు, తీవ్ర గాయానికి భయపడాల్సిన దాడి వంటి సందర్భాలను 38 లెక్కపెడుతుంది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం 41లో ఉంది, దానికీ 37 పరిమితులే. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ఈ సెక్షన్లు చూపిస్తే నిలబడదు. భయపెట్టడానికి గాలిలోకి కాల్చడమూ వద్దు, పైకి వెళ్లిన గుండు ఎవరి పెంకుల మీదో పడుతుంది.

ప్రశ్న: ఇచ్ఛాపురం నుంచి పని మీద బరంపురం వెళ్లేటప్పుడు రివాల్వర్ వెంట ఉంచుకోవచ్చా?

జవాబు: లైసెన్సులో ‘ఏరియా వాలిడిటీ’ చూడండి. ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే సరిహద్దు దాటకూడదు, ప్రయాణం అరగంటే అయినా. ఒడిశా పనులు తరచూ ఉంటే పరిధి పెంచమని లైసెన్సు ఇచ్చిన అధికారికి కారణాలతో దరఖాస్తు పెట్టుకోండి. అనుమతి చేతికొచ్చే దాకా రివాల్వర్, తూటాలు ఇంట్లో తాళంలోనే ఉండాలి.