నీ కథలో రైఫిల్ ఏ చేతిది?

తిరుపతి

తమ్ముడూ,

కథ అందింది, చదివాను. భాకరాపేట పిల్లోడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, శనివారం రేంజ్‌కి పోయి కాగితం టార్గెట్ మీద గురి చూసుకోవడం, చలికాలంలో పొలాల్లో పందుల వేటకు పోవడం, ఇలాంటి కథ మన పక్కవాళ్లు రాయగా నేను చదవలేదు. వాడిది పుర్రచెయ్యి అని మొదట్లోనే చెప్పావు, అన్నం ఆ చేత్తో తింటే అవ్వ చెయ్యి మీద ఒకటి వేసేదని కూడా రాశావు. అంతవరకు బాగుంది. ఆరో పేజీలో "మెరుపులా బోల్ట్ లాగి మళ్లీ కాల్చాడు" అన్నావే, అక్కడే నిన్ను నమ్మడం మానేశాను. బోల్ట్ అంటే తూటా వెనక గొట్టాన్ని మూసే ఇనప కడ్డీ. దాన్ని ఏ చేత్తో లాగాడప్పా? బోల్ట్ ఏ పక్కన ఉంది?

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ని కాల్చిన ప్రతిసారీ బోల్ట్ పిడి పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తొయ్యాలి, కిందికి దించాలి. వెనక్కి లాగినప్పుడు ఖాళీ డొప్ప పక్కకు ఎగిరి పడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి పోతుంది. మామూలు రైఫిల్‌కి పిడీ, డొప్ప ఎగిరే సందూ రెండూ కుడి పక్కనే. కుడిచేతివాడు ట్రిగ్గర్ మీంచి చెయ్యి తీసి పక్కనే ఉన్న పిడి పట్టుకుంటాడు, చెంప కదలదు, కన్ను స్కోప్‌లోంచి, అంటే గురి చూసే దుర్భిణిలోంచి రాదు. నీ హీరో తుపాకీ మడమను, అంటే వెనక కొసను, ఎడమ భుజానికి ఆనించుకున్నాడు కదా, వాడి కుడి చెయ్యి గొట్టం కింద బరువు మోస్తూ ఉంది. కాబట్టి ఎడమ చెయ్యే పట్టు వదిలి, స్కోప్ మీదుగా అవతలికి పోయి, పిడి వెతుక్కుని లాగాలి. ఆ లాగుడులో చెంప లేస్తుంది, తుపాకీ ఊగుతుంది, మళ్లీ కన్ను పెట్టేసరికి స్కోప్‌లో గడ్డి తప్ప ఏమీ ఉండదు. పైగా వాడి మొహం ఉన్నది కుడి పక్కనే, అంటే డొప్ప ఎగిరే పక్కనే. ఖర్మ కాలి తూటా డొప్ప చీలితే వేడి గ్యాస్ వచ్చేదీ ఎక్కువగా ఆ సందులోంచే.

ఇదే రైఫిల్‌ని రేంజ్‌లో బల్లమీద ఇసుక సంచికి ఆనించి చూడు, కథ మారిపోతుంది. బరువు సంచి మోస్తుంది, కుడి చెయ్యి ఖాళీ. ఎడమ చెయ్యి ట్రిగ్గర్ దగ్గరే ఉంచి కుడి చేత్తో బోల్ట్ ఆడించుకోవచ్చు, అలా హాయిగా కాల్చుకునే పుర్రచేతివాళ్లు చాలామంది ఉన్నారు. అంటే నీవాడికి శనివారాల్లో ఏ ఇబ్బందీ తెలియదు, నిలబడి కాల్చాల్సిన పొలంలోనే తెలుస్తుంది. నీ కథకు కావలసిన గొడవ ఇక్కడే ఉంటే నువ్వు దాన్ని వదిలేసి వాడి మేనేజర్‌తో పోట్లాట పెట్టావు.

చేతి కంటే ముందు కంటి సంగతి తేల్చు. రాసేది ఎడమ చేత్తో అయినా గురి చూసే బలమైన కన్ను కుడిది కావచ్చు, అలాంటివాళ్లు తక్కువేమీ కాదు. ఈసారి తిరుపతి వచ్చినప్పుడు రాత్రిపూట మా మేడెక్కి రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి కొండ మీది గాలిగోపురం దీపాల్ని అందులోంచి చూడు. తర్వాత ఎడమ కన్ను మూయి. గోపురం సందులోనే ఉంటే నీ బలమైన కన్ను కుడిది, మాయమైతే ఎడమది. నీ హీరోకి కుడి కన్ను బలమైతే షాపువాడు కుడి భుజం మీద నేర్చుకోమని కూడా అంటాడు. అప్పుడు వాడికి అవ్వ వేసిన దెబ్బలు గుర్తొస్తే వద్దని నేను అనను. రెండు వాక్యాలకు మించి మాత్రం రాయొద్దు.

కొనే సీన్‌లో మోడళ్ల పేర్లు పదకొండు పెట్టావు, కేటలాగ్ చదివినట్టు ఉంది. ఎడమచేతి బోల్ట్ కొత్తదేం కాదు, శావేజ్ 110కి 1950ల చివరి నుంచే ఉంది. రెమింగ్టన్ 700, టిక్కా టీ3ఎక్స్, రూగర్ అమెరికన్ కూడా ఎడమచేతివాళ్లకు చేశారు. కానీ కుడిచేతివాడికి దొరికినన్ని క్యాలిబర్లు (తూటా సైజులు), గొట్టాలు, స్టాకులు (భుజానికి ఆనే వెనక భాగాలు) వీళ్లకు దొరకవు. షాపులో కుడిచేతివి గోడ నిండా ఉంటే ఎడమచేతివి ఒకటో రెండో ఉంటాయి. అది చాలు రాయడానికి. స్టాక్ కూడా చూడాలి, కుడిచేతి స్టాక్‌కి చెంప ఆనించే ఉబ్బు ఎడమ పక్కన ఉంటుంది, వీడికి దాంతో పని లేదు.

రేంజ్‌కీ వేటకీ ఒకే తుపాకీ కావాలంటాడు కదా నీవాడు, అసలు చిక్కు అదీ. వేట రైఫిల్ మూడు కిలోల చుట్టుపక్కల ఉంటే మోసుకుని తిరగొచ్చు, కానీ దాని సన్నటి గొట్టం వరసగా కాల్చేకొద్దీ వేడెక్కుతుంది, కాగితం మీద చిల్లులు దూరం దూరంగా పడడం మొదలవుతుంది. టార్గెట్ రైఫిల్ లావు గొట్టంతో ఐదు కిలోలు దాటుతుంది, బల్లమీద కదలదు, భుజాన వేసుకుని పొలాల్లో నడిస్తే ప్రాణం పోతుంది. నేనైతే వాడిచేత 6.5 క్రీడ్‌మూర్‌లో మధ్యస్తం బరువుది కొనిపిస్తాను. 2007లో పోటీల కోసం తెచ్చిన తూటా అది, తర్వాత వేటగాళ్లూ పట్టుకున్నారు. పాత .308 తూటా కంటే భుజానికి తగిలే తన్ను తక్కువ, పందికి సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. వాడు హెచ్‌1బీ మీద ఉన్నాడని నువ్వే రాశావు. ఆ వీసా మీద ఉన్నవాడు మామూలుగా అమెరికాలో తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఫెడరల్ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. తమాషా ఏమిటంటే టెక్సస్‌లో పొలం యజమాని ఒప్పుకుంటే అడవిపందుల్ని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సే అక్కర్లేదు. పందికి అక్కర్లేని కాగితం తుపాకీకి కావాలన్నమాట! కౌంటర్ దగ్గర వాడు పర్సులోంచి ఆ కాగితం తీసే సీన్ రాయి, నీ పదకొండు మోడళ్లూ దాని ముందు దిగదుడుపే.

ఇక నీ ముగింపు, వాడు సెలవుల్లో ఊరికొచ్చి భాకరాపేట అడవిలో పందిని కొట్టడం, అది కుదరదు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మన దగ్గర వేట నేరం. పంట పాడు చేస్తోందని కొట్టాలన్నా అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. నాన్నకు లైసెన్సు తుపాకీ ఉందంటావా, ఊళ్లో ఉండేది చాలావరకు ఎస్‌బీబీఎల్ (ఒంటి గొట్టంది), లేకపోతే డీబీబీఎల్ (జంట గొట్టాలది), మధ్యకు విరిచి తూటా పెట్టేది. దానికి బోల్టే లేదు, ఏ చేతివాడైనా ఒకటే. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ అంటావా, దాని బోల్ట్ కుడి పక్కనే. తాత కాలానికి పోవాలనుకుంటే పో, మామండూరు, చామల లోయల్లో తిరిగిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చేతిలో .405 విన్చెస్టర్ ఉండేది. అది లీవర్ రైఫిల్, మీట కిందే ఉంటుంది, దానికీ ఈ గొడవ లేదు. నువ్వు ఏది ఎంచుకున్నా, అమెరికాలో కొన్న రైఫిల్‌ని సూట్‌కేసులో పెట్టి రేణిగుంటలో దించొద్దు.

మళ్లీ రాసేముందు మీ చిత్తూరులో ఎన్‌సీసీ చేసిన ఎడమచేతి స్నేహితుడెవడైనా ఉంటే పట్టుకో. వాళ్లు పడుకుని కాల్చే .22 డీలక్స్ కూడా బోల్ట్ యాక్షనే. ఒక్కో గుండుకీ ఏ చేతిని ఎక్కడికి తీశాడో, ఉస్తాద్ ఏమని కసిరాడో అడుగు, కింద పడుకుని చేసి చూపించమను. అది చూశాక ఆరో పేజీ తిరగరాసి పంపు. పేజీ నంబర్లు సరిచూసుకో, నాలుగో పేజీ రెండుసార్లు వచ్చింది.

మీ అన్న