మేయర్ అభ్యర్థి పన్ను సంగతి తర్వాత, ముందు పార్కు జాగా సంగతి అడగండి

ప్రశ్న: "మా కార్పొరేషన్‌లో మేయర్ అభ్యర్థినని తిరుగుతున్నాయన ఐదేళ్లు ఆస్తి పన్ను పెంచనంటున్నాడు. అనుమతి లేని ప్లాట్లన్నీ ఉచితంగా రెగ్యులరైజ్ చేయిస్తానంటున్నాడు. కార్పొరేషన్ ఖాళీ జాగాల్లో షాపింగ్ కాంప్లెక్సులు కట్టి ఆదాయం తెస్తానంటున్నాడు. ఇవి అయ్యే పనులేనా?"

ఈ మూడు హామీలనూ కలిపి చదవండి, అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. కార్పొరేషన్‌కు సొంతంగా వచ్చే డబ్బంతా దాదాపు భూమి మీద నుంచే వస్తుంది. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, ఇల్లు కట్టుకునే అనుమతుల ఫీజు, అనుమతి లేని ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే పథకం కింద కట్టే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు, రిజిస్ట్రేషన్ జరిగినప్పుడు స్థానిక సంస్థల పేరు మీద వసూలయ్యే 1.5 శాతం బదిలీ సుంకం, అన్నీ అవే. మిగతాది పైనుంచి వచ్చే గ్రాంటు. అది ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో మేయర్ చేతిలో లేదు. ఇందులో పన్ను ముట్టుకోను, ఫీజు తీసుకోను అన్నవాడికి చెయ్యి పెట్టడానికి ఇంకేం మిగిలింది? మీ ఊళ్లో ఉన్న ఖాళీ జాగాలు. ఆ మూడో హామీ అందుకే పుట్టింది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా కాలనీలో జరిగింది ఇదే.

మాది తెలంగాణలో ఒక కార్పొరేషన్ శివారు. ప్లాట్లు చేసిన రోజుల్లో అది గ్రామ పంచాయతీ. బ్రోచర్‌లో కాలనీ మధ్యన ఆకుపచ్చ రంగేసి పార్కు అని చూపించారు. ఆ పార్కు చూసే మాలో చాలామంది కొన్నాం. మొక్కలు ఎవరూ పెట్టలేదు గానీ జాగా మాత్రం ఉండేది. పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు, బతుకమ్మ పేర్చేది అక్కడే, ఎవరింట్లోనైనా చావొస్తే టెంటు వేసేదీ అక్కడే. ఊరు కార్పొరేషన్‌లో కలిసింది, గజం రేటు పెరిగింది. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరు కూలీలు వచ్చి పార్కులో కడీలు పాతుతున్నారు. ఆదివారమే ఎందుకంటే ఆ రోజు ఆఫీసులుండవు, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లుండరు. ఈ పనులన్నీ శని, ఆదివారాల్లోనే జరుగుతాయి.

కాలనీలో రిటైరైన హెడ్మాస్టర్ గారొకరున్నారు. ఆయన బీరువాలోంచి లేఅవుట్ ప్లాన్ అమ్మోనియా ప్రింటు (పాతకాలం నకలు) తెచ్చారు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక సెల్లో టేపు అతికించి ఉంది, రంగు వెలిసి సగం గీతలు కనపడవు, కానీ మధ్యలో 'పార్కు' అన్న అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి. కడీలు పాతిస్తున్నాయన కూడా వట్టి చేతుల్తో రాలేదు. రిజిస్టరైన డాక్యుమెంటు చూపించాడు. అందులో ప్లాటు నంబరు పక్కన 'బై ఏ' అని ఉంది. మాస్టారి ప్రింటులో 'బై ఏ' నంబరే లేదు. అప్పుడు మాస్టారు హద్దులు చదవమన్నారు. తూర్పు ఫలానా వారి ప్లాటు, ఉత్తరం 30 అడుగుల రోడ్డు, దక్షిణం... పార్కు జాగా. అంటే పార్కులోంచి ఒక ముక్క కోసి, ఆ ముక్కకు మిగిలిన పార్కునే హద్దుగా రాసి అమ్మారు. ఆ కాగితం మీద సర్కారు ముద్రలన్నీ సక్రమంగా ఉన్నాయి.

సోమవారం మేమంతా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు పోయాం. అక్కడి అధికారి ప్రింటు చూశాడు, డాక్యుమెంటు చూశాడు. "గిఫ్ట్ డీడ్ ఏది సార్? రోడ్లు, పార్కు మా పేరు మీద రిజిస్టర్ కాకుంటే మేమెట్ల ఆపుతం?" అన్నాడు. ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ తీయిస్తే నిజంగానే గిఫ్ట్ డీడ్ లేదు. ప్లాట్లు చేసినాయన రాసియ్యలేదు, పంచాయతీ అడగలేదు, ఊరు విలీనం అయినప్పుడు కార్పొరేషన్ లెక్క చూసుకోలేదు. పద్ధతిగా అనుమతి తీసుకున్న లేఅవుట్లలో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, దాన్ని స్థానిక సంస్థకు రాసివ్వాలి, పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంచాలి. నియమాలకేం కొదవ లేదు. అడిగే నాథుడే లేడు.

మేం అర్జీలు పట్టుకుని తిరుగుతుండగానే సగం పార్కులో ఇల్లు లేచింది, పైన ఒక అంతస్తుతో సహా. దానికి అదే కార్పొరేషన్ ఇంటి నంబరు ఇచ్చింది, పన్ను వేసింది. చట్టంలో దీనికి దారి ఉంది. అనుమతి లేకుండా కడితే పన్ను మీద 100 శాతం జరిమానా కలిపి, అంటే రెట్టింపు వసూలు చేయొచ్చు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని కూడా చెప్తారు. కానీ బడ్జెట్ పుస్తకంలో అది ఆదాయం కిందే కనపడుతుంది. అక్రమ కట్టడం మీద రెట్టింపు పన్ను వచ్చే ఆఫీసుకు దాన్ని కూలగొట్టాలన్న తొందర ఎందుకుంటుంది? భూమి విషయం వేరు, డబ్బు విషయం వేరు అనేవాళ్లను నేను అందుకే నమ్మను. మా పార్కు సగం పోయినందుకు కార్పొరేషన్‌కు ఏటా ఇంత అని జమ అవుతోంది.

మిగిలిన సగానికి ఎలాగో కంచె వేయించుకున్నాం, బోర్డు పెట్టించుకున్నాం. మొన్న ప్రచారానికి ఒక మేయర్ అభ్యర్థి వచ్చాడు. ఆ కంచె పక్కనే నిలబడి, "ఇంత జాగ ఉత్తగ పడున్నది గదమ్మా! కింద మడిగెలు, మీద ఫంక్షన్ హాలు కట్టిద్దాం. కార్పొరేషన్‌కు కిరాయొస్తది, మీకు పన్ను పెంచే పనే ఉండది" అన్నాడు. మా ఎదురింటి పెద్దమ్మ, ఎప్పుడూ మీటింగుల్లో నోరు విప్పని మనిషి, "ఉత్తగ ఎక్కడున్నది బిడ్డా, మేం కూసునే జాగ ఇది" అంది. ఆయన నవ్వి చేతిలో కరపత్రం పెట్టి ముందుకు నడిచాడు. కబ్జా చేసినాయనకూ, ఈయనకూ ఆ జాగా ఒకేలా కనపడింది. కబ్జాదారు మీద కంటే ఈయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది, ఎందుకంటే ఓటు అడుగుతున్నది ఈయన.

పార్కు జాగాను ఇంకోదానికి వాడకూడదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో తేల్చేసింది. పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇస్తే ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా మన దగ్గర అభ్యర్థులు పార్కుల్లో ఫంక్షన్ హాళ్లు హామీ ఇస్తూనే ఉన్నారు.

ఇక ఉచిత రెగ్యులరైజేషన్. 2020 ఆగస్టు 31న జీవో 131 వచ్చినప్పుడు రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి, ఒక్కో ప్లాటు దరఖాస్తుకు 1000 రూపాయలు. తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్లీ కదిలించారు. ఎల్‌ఆర్‌ఎస్ అనేది రాష్ట్ర ప్రభుత్వం జీవోతో వచ్చేది, మేయర్ ఉచితం అంటే అయ్యేది కాదు. నాకు బాధ కలిగించేది ఇంకోటి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగా లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టమంటారు. కట్టాం. డబ్బు తీసుకున్నారు సరే, ఆ డబ్బుతో ఏ కాలనీకి ఎక్కడ పార్కు జాగా కొన్నారు? నేను అడిగిన ఏ నాయకుడూ దీనికి జవాబు చెప్పలేదు. ప్లాటు కొన్న చిన్న ఉద్యోగి దగ్గర వసూలు చేసి, పార్కు మింగిన వెంచర్ యజమానిని వదిలేయడం ఏ న్యాయం?

పన్ను పెంచను అనేది వినడానికి బాగుంటుంది. కానీ రేటు పెంచకుండా ఆదాయం పెంచే దారులు బోలెడున్నాయి, వాటి జోలికి ఎవరూ పోరు. మా మెయిన్ రోడ్డు మీద కింద నాలుగు దుకాణాలు, పైన కోచింగ్ సెంటరు ఉన్న బిల్డింగ్ నివాసం కిందే పన్ను కడుతోంది. దాన్ని సరిచేస్తే సామాన్యుడి మీద రూపాయి పడకుండానే డబ్బు వస్తుంది. ఏప్రిల్‌లో క్యూలో నిలబడి కట్టే మాకు 5 శాతం తగ్గిస్తారు. ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాళ్లకు మార్చిలో వన్ టైమ్ సెటిల్‌మెంట్ అని 90 శాతం వడ్డీ మాఫీ చేస్తారు. సక్రమంగా కట్టేవాడికి దీన్ని మించిన అవమానం ఉందా? పన్ను పెంచనన్న అభ్యర్థిని, ఈ మాఫీ ఆపుతావా అని అడిగి చూడండి.

అప్పులు తెచ్చి చేస్తామనేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ కార్పొరేషన్ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల బాండ్లు 8.90 శాతం వడ్డీకి తెచ్చింది. తర్వాతి రెండు విడతల్లో వడ్డీ 9.38కి, 10.23కి ఎక్కింది. అంత పెద్ద ఊరికే అంత వడ్డీ పడితే మనలాంటి ఊళ్లకు ఎంతకు పుడుతుందో ఆలోచించండి.

ఇంకో మాట. మీ బ్యాలెట్ మీద మేయర్ అభ్యర్థి పేరే ఉండదు. హైదరాబాద్‌లో 2002లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఇప్పుడు కార్పొరేటర్లు, పదవి వల్లే ఓటున్న (ఎక్స్ అఫీషియో) ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి ఎన్నుకుంటారు. మీరు ఓటేసేది మీ వార్డు కార్పొరేటర్‌కే. కాబట్టి మేయర్ అవుతానన్నాయనను ఒక్కడినే కాదు, మీ వార్డు మనిషిని కూడా పట్టుకోండి. 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్‌లో భూ వినియోగ నియంత్రణ పురపాలక సంస్థలకు ఇవ్వొచ్చని రాసుంది, వాస్తవంలో మాస్టర్ ప్లాన్ రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ డీటీసీపీ చేతిలోనో అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ చేతిలోనో ఉంటుంది, భూ వినియోగ మార్పిడికి జీవో హైదరాబాద్ నుంచి రావాలి. కమిషనర్ సంతకం లేనిదే బిల్లు కదలదు.

అలాగని కౌన్సిల్ ఉత్త బొమ్మ అనను. 2023 జనవరిలో కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ పచ్చటి పొలాలను పారిశ్రామిక జోన్‌గా చూపిస్తే రైతులు రోడ్డెక్కారు. చివరికి మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్ రద్దు కోరుతూ తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అదే నెలలో అదే గొడవ. కౌన్సిల్ తలచుకుంటే తీర్మానం పెట్టగలదు, పెడితే దానికి బరువుంటుంది.

అందుకని మా కాలనీ సంఘం నాలుగు వాక్యాలు టైప్ చేయించింది. కార్పొరేషన్‌లో ఉన్న ప్రతి లేఅవుట్ పార్కు జాగా సర్వే నంబరు, విస్తీర్ణం, గిఫ్ట్ డీడ్ ఉందా లేదా, మొదటి ఆరు నెలల్లో వార్డుల వారీగా గోడ మీద రాయించాలి. గిఫ్ట్ డీడ్ లేనివాటికి వెంచర్ చేసినవాళ్లకు నోటీసులివ్వాలి, 'బై' నంబర్లతో రిజిస్ట్రేషన్లు ఆపమని సబ్ రిజిస్ట్రార్‌కు జాబితా పంపాలి. మా వార్డులో వసూలైన ఎల్‌ఆర్‌ఎస్ డబ్బు ఎంత, ఇక్కడ ఖర్చు పెట్టింది ఎంత, లెక్క చెప్పాలి. పార్కు జాగాలో ఏ కట్టడానికీ కౌన్సిల్‌లో చెయ్యెత్తనని రాసివ్వాలి.

ఫంక్షన్ హాలు కడతానన్నాయన కాగితం చదివి, పెద్దలతో మాట్లాడి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ ఒకామె మాత్రం మూడోదానికి లెక్కలు తన చేతిలో ఉండవు గానీ కౌన్సిల్‌లో అడుగుతానని పక్కన రాసి, నాలుగింటి కిందా సంతకం పెట్టింది. కావాలంటే ఈ నాలుగు వాక్యాలు మీ ఊరి పేరు పెట్టి వాడుకోండి. సంతకం పెట్టించేటప్పుడు తేదీ కూడా వేయించండి, ఇంకో ఇద్దరి ఎదుట పెట్టించండి.