ముందు హద్దురాయి వెతుకు

చిరంజీవి శీనుకు,

దీవెనలు. పాత స్తూపం దిబ్బ పక్క స్థలం బేరమాడావని, అప్పుడే ఇంటి ప్లాను కూడా గీయించావని మీ అమ్మ చెప్పింది. ఆ ప్లాను మడిచి బీరువాలో పెట్టు. ముందు టేపు తియ్యి.

అక్కడ ఉన్నది కేంద్ర పురావస్తు శాఖ వారి నీలం బోర్డు. అంటే రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది స్తూపం దగ్గర కాదు, హద్దు దగ్గర. నేను బోల్తా పడింది ఇక్కడే. పైకి కనిపించే ఇటుకల నుంచి కొలిచి 130 వచ్చిందని మురిసిపోయాను. సర్వేయరు వచ్చి కంపచెట్లు నరికించి, సగం భూమిలో కూరుకుపోయిన రాయి చూపించాడు. అక్కణ్నుంచి 84. బయానా గోవిందా.

100 లోపల కొత్త ఇల్లు కుదరదు. 1992 జూన్ 16కు ముందే కట్టిన ఇల్లుంటే మరమ్మతు చేసుకోవచ్చు, అదీ అనుమతితోనే. కాదని కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. లోపల కూడా పర్మిషన్ ఇప్పిస్తానని ఎవడైనా డబ్బడిగితే చెప్పులేసుకుని వచ్చెయ్.

100 దాటితే దారుంది. దరఖాస్తు కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అనుమతుల దరఖాస్తులు తీసుకునే అధికారికి పెట్టాలి, అక్కడి నుంచి ఢిల్లీలోని జాతీయ స్మారక కట్టడాల సంస్థకు వెళ్తుంది. నెలలు పడుతుంది, టెన్షన్ పడకు. ఎత్తు రాసేటప్పుడు పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి రాయి. శ్లాబు దాకానే రాస్తే తర్వాత ట్యాంకు దగ్గర పేచీ వస్తుంది.

ఊరి మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు గ్రీన్ జోన్‌లో, అంటే పచ్చదనానికి వదిలిన చోట, ఉందేమో వేరేగా చూసుకో. ఒక ఆఫీసు ఒప్పుకున్నంత మాత్రాన రెండోది ఒప్పుకోదు.

పునాది తవ్వేటప్పుడు పాత ఇటుకల వరస తగిలితే పార ఆపించి శాఖకు కబురు చెయ్యి. నాణేలో నగలో దొరికితే, విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1878 నాటి చట్టం, ఇంకా బతికే ఉంది. మేస్త్రి "ఎవరు చూశార్లే" అంటాడు. అమరావతిలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కాలంలో అలాగే స్తూపం ఇటుకలు పీకి ఇళ్లకు వాడేశారు.

హద్దురాయి కనపడకపోతే ఫోన్ చెయ్యి. ఆదివారం వస్తాను, కత్తి నేనే తెస్తా. అక్కడ కంప బాగా పెరిగి ఉంటుంది.

మీ పెదనాన్న